రెండు ఎర్ర పోగులు

మొన్న మా మనుమరాలి బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉందంటే నేనే పోయాను. కొడుకుకు డ్యూటీ, కోడలికి సెలవు దొరకలేదు. ఇంట్లో పనిలేని మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి, బడికి పోయే వయసు మళ్లీ నాకే వచ్చింది. పిల్ల పదో తరగతి. సిద్దిపేట ఊరి చివర సర్కారు బడి, ఒకప్పుడు నేను చదివిన బడే. టీచరమ్మ మైకు పట్టుకుని వరసగా చెప్పుకుంటూ పోయింది. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరట, ప్రాజెక్టులు చేయాలట, ఇంటర్నల్ మార్కులు కలిస్తేనే పాసట, పైగా చేతిపని కోర్సు ఒకటి ఉందట. నా పక్కన కూర్చున్న ఆటో డ్రైవరు నా చెవి దగ్గరకు వంగి, "గివన్ని పిల్లలకా, మనకా తాతా?" అన్నాడు.

నేను నవ్వాను గానీ టీచరమ్మ మాటలు సగం కూడా వినలేదు. కిటికీలోంచి రేకుల షెడ్డు కనబడుతోంది. ఇప్పుడందులో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టుకుంటున్నారు. నా రోజుల్లో ఆ షెడ్డు నేల తవ్వి గుంట తీసి, అందులో మగ్గం దించారు. నా తొమ్మిదో తరగతి చాలావరకు అక్కడే గడిచింది. అందులోంచి బయటపడదామని నేనొక ఉపాయం పట్టుకున్నాను. ఆ ఉపాయమే నన్ను తీసుకుపోయి మళ్లీ అందులోనే పడేసింది.

మా ఇంట్లో ముందు మగ్గం, ఆ తర్వాతే మనుషులు. వాకిలి దాటి లోపలికి వస్తే పెద్ద గది అంతా దానిదే. మిగిలిన మూలల్లో మేము సర్దుకునేవాళ్లం. గుంట మగ్గమంటే నేలలో నడుము లోతు గుంట. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింద చెక్కలు తొక్కుతూ పైన చేత్తో పోగును అటూ ఇటూ మోసే నాడె ఆడించాలి. మా బాపు పొద్దున దిగితే దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు. చిన్నప్పుడు నేను ఆయన్ని ఎక్కువగా నడుము దాకానే చూశాను. బాపుకు కాళ్లున్నాయని పండుగలకే గుర్తొచ్చేది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పులిసిన గంజి, తడి నూలు, గుంటలోంచి వచ్చే చెమ్మ మట్టి. ముసురు పట్టిందంటే గుంటలో నీళ్లు ఊరేవి. చెంబుతో తోడిపోయడం నా పని. ఒకసారి నీళ్లతో పాటు కప్ప కూడా చెంబులోకి వచ్చింది. నేను దాన్ని మెల్లగా మా అవ్వ, అంటే అమ్మ, నూలు చుట్టే బుట్టలో వేశాను. అవ్వ వేసిన కేకకు వీధి వీధంతా వచ్చింది. బాపు మాత్రం లేవలేదు. పోగు తెగుతుందని ఆయన నవ్వును కూడా ఆపుకునేవాడు.

మా నాయినమ్మకు ఒకటే పాట. "గుంతల కాలువెట్టినోడు ఆకలికి సావడు బిడ్డా" అనేది. ఆ మాట అంటూనే తన గిన్నెలోని గట్క సగం నా గిన్నెలోకి వంచేది. మక్కజొన్న రవ్వతో వండిన గట్క, పచ్చిపులుసు, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. ఆకలికి చావమని ఆమెకంత నమ్మకం ఉంటే తన గట్క నాకెందుకు వంచిందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే సర్వపిండి కాల్చిన రోజు నాకు పెద్ద ముక్క రాదు.

మా వీధిలో ఇంటింటికీ ఒక గుర్తు ఉండేది. నేసిన గుడ్డలన్నీ సావుకారు ఇంట్లో ఒకే కుప్పగా పడేవి కాబట్టి, ఏది ఎవరిదో తెలియడానికి గుడ్డ చివర ఎవరి గుర్తు వాళ్లు వేసుకునేవాళ్లు. ఎదురింటివాళ్లది ఒక పచ్చ పోగు. పక్కింటివాళ్లది పసుపు. మాది అంచు అయిపోయాక వేలెడు తెలుపు వదిలి, పక్కపక్కన రెండు ఎర్ర పోగులు. నాకు మొదటిసారి నాడె చేతికిచ్చిన రోజే నాయినమ్మ చెప్పింది, "గుర్తు ఎయ్యకుంట గుడ్డ కొయ్యద్దు. గుర్తులేని గుడ్డ దిక్కులేని పిల్ల" అని. అంతే, నా చేతికి అదొక అలవాటు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవాలని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా?

ఇక బడి సంగతి. అప్పట్లో క్రాఫ్టు అని ఒక సబ్జెక్టు అందరికీ తప్పనిసరి. తొమ్మిదో తరగతి చివర సొంతంగా చేసిన వస్తువు ఒకటి చూపించకపోతే పదిలోకి పంపేవాళ్లు కాదు. క్రాఫ్టు సారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "మీ బాపు ఏం జేస్తడు?" అని ఒక్కొక్కణ్ణీ అడిగి పనులు పంచాడు. వడ్లాయన కొడుకు కర్రపనికి పోయాడు. కల్లు గీసే ఆయన కొడుకు, నా దోస్తు, తోటపనికి పోయాడు. కల్లు గీతకూ తోటపనికీ పొత్తేమిటంటే, రెండింట్లోనూ చెట్లున్నాయి, సారుకు అది చాలు. నా వంతు వచ్చింది.

"మగ్గం నేస్తడు సార్" అన్నాను.

"ఇంకేంది మరి, పో, షెడ్డుల కూసో" అన్నాడు. నేను ఏదో అనబోయేలోపు వెనకవాడి వంతు వచ్చేసింది.

దుకాణాలవాళ్ల పిల్లలూ, నౌకరీవాళ్ల పిల్లలూ ఏ పనికీ చెందరు కాబట్టి వాళ్లను కూడా షెడ్డులోకే తోశాడు. అందరూ తలొక తువాలు నేసి ఇవ్వాలి. తెల్ల తువాలు, రెండు కొసలా ఎర్ర అంచు. ఇంట్లో ఒక గుంట, బడిలో ఇంకో గుంట. పొద్దున ఇందులోంచి లేచి అందులో దిగడానికి నేను రెండు మైళ్లు నడిచి పోవాలా అని ఒళ్లు మండేది.

నాకు కావాల్సింది వేరే. ఒకసారి బాపుతో గుడ్డలు మోసుకుని హుస్నాబాద్ తొవ్వన పోతుంటే, రోడ్డు పక్కన ఒకాయన మూడు కాళ్ల దుర్బీను పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నెత్తిమీద టోపీ, చేతిలో పెన్సిలు. చుట్టూ కనుచూపు మేర ఖాళీ చేన్లు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే పిలిచి, దుర్బీనులోంచి చూడనిచ్చాడు. లోపల అంతా తలకిందులు! తాటిచెట్లు ఆకాశం నుంచి వేలాడుతున్నాయి. మా బాపు, నెత్తిన మూటతో, కాళ్లు పైకి పెట్టి నిలబడ్డాడు.

"నువ్వేం పని చేస్తవు సారూ?" అని అడిగాను.

"ఓవర్సీర్ని. రోడ్డు ఏడికెల్లి పోవాల్నో నేను చెప్త" అన్నాడు.

నిలబడి చేసే పని. ఆరుబయట చేసే పని. పైగా రోడ్డుకే తొవ్వ చెప్పే పని! ఆ రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు.

ఓవర్సీరు కావాలంటే పాలిటెక్నిక్ చదవాలని, దానికి లెక్కలు గట్టిగా రావాలని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో పదో తరగతి లెక్కలు రెండు రకాలుండేవి. జనరల్ లెక్కలు అందరికీ. కాంపోజిట్ లెక్కలు మాత్రం ఏరిన కొద్దిమందికి. కాంపోజిట్ చదవనివాడికి ఆ తొవ్వ మూసుకుపోయినట్టే. నేను ధైర్యం చేసి లెక్కల సారు దగ్గరకు పోయాను. ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు.

"కాంపోజిట్ అంటె ఆట గాదురా. తొమ్మిది ఆఖరి పరీక్షల మార్కులు మంచిగొస్తె గప్పుడు జూద్దాం. ఇంట్ల ఎవలన్న చెప్పెటోళ్లు ఉన్నరా?"

ఇంట్లో నాకు నూలు లెక్క చెప్పేవాళ్లున్నారు. ఆల్జీబ్రా చెప్పేవాళ్లు లేరు.

దేవుడు పంపినట్టు దొరికాడు రైసుమిల్లు గుమాస్తా కొడుకు. క్లాసులో లెక్కలకు వాడే మొదటివాడు, షెడ్డులో వాడే చివరివాడు. మగ్గం మీద కూర్చోబెడితే పోగులు తెంపి, నాడె కింద పడేసి, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుపు మొహం పెట్టేవాడు. తువాలు నేయకపోతే వాడు పదిలోకి పోడు. నాకు ఆల్జీబ్రా రాకపోతే నేను కాంపోజిట్‌లోకి పోను.

"అరేయ్, నా తువాలు నువ్వు నెయ్యి. లెక్కలు నేను చెప్త" అన్నాడు వాడే.

క్రాఫ్టు సారుకు చాయ్ హోటలంటే ప్రాణం. మమ్మల్ని షెడ్డులో వదిలి పోతే గంట కొట్టేటప్పుడే రావడం. నా దోస్తు తోటలో నీళ్లు పోస్తున్నట్టు నటిస్తూ కాపలా కాసేవాడు. సారు మలుపు తిరిగితే ఈల వేయాలి. నేను గుంటలో కాళ్లు దించి నేసేవాణ్ణి. గుమాస్తా కొడుకు గట్టు మీద బాసిపట్లు వేసుకుని లెక్క చదివేవాడు. నాడె అటు పోతే ఒక మెట్టు, ఇటు వస్తే ఇంకో మెట్టు. జవాబు వచ్చేసరికి జానెడు గుడ్డ దిగేది. నిజం చెప్పాలంటే, నా జన్మలో గుంట లోతు తెలియకుండా కూర్చున్నది ఆ చలికాలం ఒక్కటే.

ఇలాంటివి దాగవు. మొదట ఒకడు బతిమాలాడు, తర్వాత ఇంకొకడు. ఒకడు పల్లీలు, ఒకడు బెల్లం, ఒకడు వాళ్ల తోట జామకాయలు తెచ్చేవాడు. నా దోస్తు రేగుపండ్లు రుమాల్లో మూటకట్టి తెచ్చేవాడు, వాడికి తువాలుతో పనిలేకపోయినా. వాడి కష్టం వాడికుండేది. "మా బాపు సెట్టెక్కు అంటడు రా. సగం ఎక్కంగనే నాకు కండ్లు తిరుగుతయి. అడుగువెడితె నేల మీదనే ఉండాల్ననిపిస్తది" అనేవాడు. నాకు నేల కిందినుంచి పైకి రావాలని, వాడికి పైనుంచి నేల మీదికి రావాలని. ఇద్దరం రేగుపండ్ల గింజలు ఉమ్ముకుంటూ ఎవరి గింజ దూరం పోతుందో చూసుకునేవాళ్లం.

మొత్తానికి షెడ్డులోని పిల్లల్లో, మాలాగే నేతపని చేసే సాలోళ్ల పిల్లలు ఎవరి తువాలు వాళ్లు నేసుకున్నారు. మిగతా అందరివీ నేనే నేశాను. క్రాఫ్టు సారు మడతపెట్టిన తువాళ్లు తీసుకుని, "శభాష్, నేర్చుకున్నరు" అని బీరువాలో పెట్టాడు.

ఎండలు మొదలయ్యే వేళకు పైనుంచి ఇన్‌స్పెక్టరు గారు వస్తారని కబురు వచ్చింది. హెడ్‌మాస్టరు బడికి సున్నం వేయించాడు. క్రాఫ్టు సారు తన బీరువా తెరిచి, వరండాలో తాడు కట్టి, తువాళ్లన్నీ విప్పి ఆరేసినట్టు వేలాడదీశాడు. నేను వరసలో నిలబడి అటు చూశాను. 

ప్రతి తువాలుకూ చివర, ఎర్ర అంచు తర్వాత వేలెడు తెలుపు, ఆ తర్వాత రెండు ఎర్ర పోగులు. దుకాణం పిల్లవాడిది, గుమాస్తా కొడుకుది, పట్వారీ మేనల్లుడిది, అందరివీ. మధ్యలో సాలోళ్ల పిల్లలవి మాత్రం ఒకటి పచ్చ పోగుతో, ఒకటి పసుపు పోగుతో. నేసేటప్పుడు ఒక్కసారైనా నేను చూసుకోలేదు. అంచు అయిపోతే చెయ్యి ఎర్ర నూలు చుట్టిన కండె మీదికి పోవడం, రెండు పోగులు వేయడం, కొయ్యడం. బుర్ర అంతా ఆల్జీబ్రాలో ఉంటే చెయ్యి మా ఇంట్లో ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు తాడు వెంట మెల్లగా నడిచి, ఆగి, "ఏమిటండీ, అందరి తువాళ్లకూ ఇవే గీతలు?" అన్నారు.

హెడ్‌మాస్టరు క్రాఫ్టు సారును చూశాడు. క్రాఫ్టు సారు మింగలేక కక్కలేక, "నేనే ఎయ్యిమన్న సార్, అందం గురించి" అన్నాడు.

"అయితే ఒక్క కుర్రాణ్ణి నేసి చూపించమనండి" అన్నారు ఆయన. ఆయన వేలు గుమాస్తా కొడుకు మీదే పడింది. వాడు గుంటలోకి దిగడమే బావిలోకి దిగినట్టు దిగాడు. రెండు తొక్కులకే నాడె ఎగిరి ఇన్‌స్పెక్టరు గారి బూటు దగ్గర పడింది. ఎవరూ నవ్వలేదు. వరసలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి.

బెత్తం దెబ్బలు ఖాయమనుకున్నాను. తొమ్మిదిలోనే నిలిపేస్తారనుకున్నాను. ఇన్‌స్పెక్టరు గారు నన్ను మగ్గం మీద కూర్చోబెట్టి, కాసేపు చూసి, హెడ్‌మాస్టరు వైపు తిరిగారు. "ఇన్ని తువాళ్లు ఒక్కడే, ఇంత చక్కగా! వీణ్ణి ఇంకా ఇక్కడెందుకు ఉంచారు? నేత శిక్షణ కేంద్రంలో పిల్లల్ని తీసుకుంటున్నారు. భోజనం, బస వాళ్లదే. పదో తరగతి ఎప్పుడైనా ప్రైవేటుగా రాసుకుంటాడు" అన్నారు. మిగతా పిల్లలకు సొంతంగా మళ్లీ నేయమని గడువు ఇచ్చారు. తప్పు అందరిదీ, శిక్ష మాత్రం మెచ్చుకోలు రూపంలో నాకొక్కడికే వచ్చింది.

మర్నాడు బాపును పిలిపించారు. ఉతికిన ధోతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని వచ్చాడు. అంతకుముందు ఆయన మా బడి గేటు దాటి ఎరగడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు, అక్కడ కూడా గుంట ఉన్నట్టు. హెడ్‌మాస్టరు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ కొడుకు చెయ్యి బంగారమయ్యా. పెద్ద ఆఫీసరే మెచ్చుకున్నడు."

బాపు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆగి నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. రాళ్ల మీద కూర్చుని తిన్నాం. మా బాపు అన్ని మాటలు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. తను చిన్నప్పుడు నేసిన మొదటి చీర గురించి, సావుకారు దాన్ని వెనక్కి విసిరిన సంగతి, నాయినమ్మ పోయి సావుకారుతో కొట్లాడిన సంగతి. "నన్ను ఇంతవరకు ఒక్క మనిషి గూడ మెచ్చుకోలేదు బిడ్డా. నీకు జూడు, ఆఫీసరు" అని నా వీపు నిమిరాడు. నాకు మగ్గం వద్దు బాపూ అనే మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని బజ్జీతో కలిపి మింగాను. కోపంగా ఉన్న తండ్రికి ఎదురు చెప్పొచ్చు. సంతోషంగా ఉన్న తండ్రికి ఎట్లా చెప్పాలి?

ఆఖరి పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష రాస్తుంటే షెడ్డులో మగ్గం చప్పుడు నా చెవిలో వినబడుతూనే ఉంది, ప్రతి మెట్టుకూ ఒక నాడె. బాగా రాశాను. ఎంత బాగా అంటే, రెండు రోజులకు లెక్కల సారే సైకిలు మీద మా వీధికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"పిలగాడు లెక్కల్ల మస్తున్నడయ్యా. కాంపోజిట్ల కూసోబెడ్త. పదో తరగతి సదువనియ్యి" అన్నాడు.

బాపు మగ్గం మీద కూర్చునే దండం పెట్టాడు. "మీ దయ సారూ. కని ఆఫీసరు మాటిచ్చిండు. సోమారం నాడు సెంటర్ల పరీక్ష వెట్టి తీస్కుంటరట. కూడు, గూడు అంత వాళ్లదే."

అవ్వ నూలు చుట్టడం ఆపి నా వైపు చూసింది. ఆ చూపులో అడగాలని ఉంది, కానీ మా ఇంట్లో ఆ అలవాటు లేదు. సారు సైకిలు ఎక్కి పోయాడు. ఆ రోజంతా నేను ఆ గదినే చూస్తూ కూర్చున్నాను. గోడల మధ్య మగ్గం, మగ్గం కింద గుంట, గుంటలో బాపు కాళ్లు.

అప్పుడొక సంగతి తట్టింది. పరీక్ష పెడతారు కదా. పరీక్షలో తప్పితే? నోటితో వద్దనలేనివాణ్ణి చేత్తో వద్దనొచ్చు. పోగులు తెంపుతాను, అంచు వంకర చేస్తాను, నాడె కింద పడేస్తాను. గుమాస్తా కొడుకు చేసినట్టే చేస్తాను. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

సోమవారం బాపు నన్ను కేంద్రానికి తీసుకుపోయాడు. పెద్ద హాలు, వరసగా మగ్గాలు. మాస్టరు ఒక మగ్గం చూపించి కూర్చోమన్నాడు. బాపు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కాళ్లు దించాను. కొంచెం నేశాక, మాస్టరు అటు తిరిగిన క్షణాన, వేలి గోటితో ఒక పోగు పట్టి పుటుక్కున తెంపాను.

తెంపిన మరుక్షణం నా కుడిచెయ్యి పోయి ఆ రెండు కొసలనూ పట్టుకుని ముడివేసింది. నేను చూస్తుండగానే. ఆడిన కాలూ పాడిన నోరూ ఊరకుండవంటారు. నేసిన చెయ్యి కూడా ఊరకుండదని ఆ రోజు తెలిసింది. మళ్లీ తెంపాలని చూశాను. చెయ్యి వినలేదు. అంచు వంకర పోనిద్దామంటే కాలు దానంతటదే సరిగ్గా తొక్కుతోంది. ఇంకా గట్టిగా ప్రయత్నిస్తే పాడు చేసేవాణ్ణేమో. కానీ తలెత్తితే గోడ దగ్గర బాపు. ఆయన పెదవులు నా నాడెతో పాటు కదులుతున్నాయి. ఇక నేను తల దించుకుని మామూలుగా నేశాను.

మాస్టరు గుడ్డ మీద అరచెయ్యి వేసి చూసి, "బేషుగ్గ ఉన్నది" అన్నాడు. ఆ ఎండాకాలమే నా పెట్టె కేంద్రానికి చేరింది.

ఆ తర్వాతి కథలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నేశాను, బాగానే నేశాను. మగ్గం గుడ్డకు గిరాకీ పోయాక బొంబాయి దగ్గరి భీవండి పోయి పవర్లూముల చప్పుడులో సగం చెవుడు తెచ్చుకున్నాను. తిరిగొచ్చి బట్టల దుకాణంలో తానులు కొలిచాను. పది ప్రైవేటుగా రాస్తాననుకున్నాను. ఎప్పుడైనా రాసుకోవచ్చన్న పని ఎవరు మాత్రం చేశారు? గుమాస్తా కొడుకు ఇంజినీరయ్యాడని విన్నాను. వాడి మీద నాకేం కోపం లేదు, వాడు నాకు లెక్కలు నిజాయితీగానే చెప్పాడు. నా దోస్తు మాత్రం చెట్టెక్కకుండా తప్పించుకుని, చౌరస్తాలో కిరాణం పెట్టాడు.

మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఇంట్లోది చివరిదాకా ఉంది. బాపు చూపు తగ్గి, కాళ్లు పట్టు తప్పాక కూడా దాన్ని తీయనివ్వలేదు. చివరకు నా కొడుకు పెళ్లికి ముందు ఇల్లు బాగుచేయిస్తూ, ఆ గదిలో బండలు పరిపిద్దామంటే, "సరె, పూడ్వున్రి" అన్నాడు. మగ్గం విప్పి బయట పెట్టాం. నేనూ నా కొడుకూ తట్టలతో మట్టి మోసి గుంటలో పోస్తున్నాం. బాపు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. వాడు నీళ్లు తాగడానికి బయటికి పోయినప్పుడు బాపు పిలిచాడు.

"గా సెంటర్ల పరీక్ష నాడు పోగు తెగలే. నువ్వే తెంపినవు."

నా చేతిలో తట్ట అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.

"చూసినవా బాపూ?"

"పుట్టినకాంచి పోగులే జూస్తి. తెగిన పోగేదో తెంపిన పోగేదో నాకు తెల్వదా?"

"మరి గప్పుడే ఎందుకనలె?"

ఆయన చేతికర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఏమనాలె బిడ్డా? నీ ఈడుల నాకు గూడ ఒకటి ఉండె. మన గల్లికి నూలు మోసే లారొచ్చేది. గా డ్రైవరు నన్ను కిలీనరుగ తీస్కపోత అన్నడు. బొంబాయి దాక పోతదట. ఎక్కి కూసున్న గూడ. మా బాపొచ్చి రెక్కపట్టి దించి, తెచ్చి గీ గుంతల కూసోబెట్టిండు. నాలుగొద్దులు ఏడుస్తవు, ఎన్కకు మర్సిపోతవు అన్నడు. నువ్వు గూడ గట్లనే మర్సిపోతవనుకున్న."

లారీ సంగతి నాయినమ్మ చెప్పలేదు, అవ్వ చెప్పలేదు. పోగు తెగుతుందని నవ్వును కూడా ఆపుకున్న మనిషి ఇంకేమేం ఆపుకున్నాడో నాకేం తెలుసు.

"మరి నువ్వు మర్సిపోయినవా బాపూ?" అని అడిగాను.

"మర్సిపోతె నీకెట్ల చెప్తున్న?" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడవడం అదే మొదలు, అదే చివర. ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి, కానీ గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. "మట్టి వదులుగ పోస్తె కుంగుతది. తొక్కాలె" అంటూ కుర్చీలోంచి లేచాడు. నేను పోయి చెయ్యి అందించాను. నా భుజం పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి, సగం నిండిన గుంటలోకి నాతో పాటు దిగాడు. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మట్టి గట్టిపడేదాకా తొక్కాం.